నియామకపత్రాన్ని నేనే

నా మొదటి పేజీలో పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, బ్లడ్ గ్రూపు రాసుకోవడానికి గీతలున్నాయి. మా సారు వాటి జోలికి పోలేదు. ఏ వకీలూ పోడనుకుంటా. నేను 2025 సంవత్సరపు వకీలు డైరీని. హైకోర్టు దగ్గర లా పుస్తకాల దుకాణంలో నన్ను కొని, సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం తెచ్చారు. పాత డైరీలో మిగిలిపోయిన వాయిదాలన్నీ గుమాస్తా ఓ సాయంత్రం కూర్చుని నాలోకి ఎక్కించాడు. కొత్త సంవత్సరం రాకముందే నా జనవరి నిండిపోయింది.

ఒక్కో పేజీలో గళ్లుంటాయి: పోయిన వాయిదా, కోర్టు, కేసు నంబరు, పార్టీలు, ఏ దశ, వచ్చే వాయిదా. చెక్కు బౌన్సులూ కొట్లాటలూ లేకపోలేదు గానీ నా బరువంతా భూములదే. ఔటర్ రింగు రోడ్డు పడి, ఆదిభట్లలో కంపెనీలు దిగాక ఇటువైపు ఎకరం రేటు ఎటు పోయిందో తెలుసుకోవాలంటే రిజిస్ట్రార్ ఆఫీసు దాకా అక్కర్లేదు, నన్ను తిరగేస్తే చాలు. రేటు పెరిగినకొద్దీ నా గళ్లలో అక్కచెల్లెళ్ల పేర్లు పెరుగుతాయి. ఎన్టీఆర్ హయాంలో వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లను మాత్రం పక్కన పెట్టింది. 2005లో కేంద్రం చట్టం మార్చాక, దాని మీద 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, వాళ్లూ కోర్టు మెట్లెక్కారు. చెరువు కింది పొలాల పంపకం దావాలు నాలో చాలానే ఉన్నాయి. అన్నల తరఫున కొన్ని, చెల్లెళ్ల తరఫున కొన్ని. మా సారుకు ఆ పట్టింపు లేదు.

అసలు చెప్పదలచుకున్నది ఆ అమ్మాయి సంగతి.

జూనియర్‌గా చేరతామని వచ్చేవాళ్లు ప్లాస్టిక్ ఫైలులో రెజ్యూమె పెట్టుకుని వస్తారు. సారు దాన్ని తీసుకుంటారు, చదవరు. కాసేపటికి దాని మీద చాయ్ గ్లాసు ఉంటుంది. యాచారం వైపు పల్లె నుంచి వచ్చిన ఈ అమ్మాయి రెజ్యూమెకూ అదే గతి పట్టింది. ఎల్‌బీనగర్‌లో మూడేళ్ల లా చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంది. అదృష్టవంతురాలే. 2024 జూలై 30న సుప్రీంకోర్టు నమోదు రుసుము 750 రూపాయలు దాటకూడదంది. ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకుముందు వేలకు వేలు కట్టి చేరిన కుర్రాళ్లు బార్ అసోసియేషన్ గదిలో ఆ తీర్పును ఇప్పటికీ తిట్టుకుంటారు, కట్టింది వాపసు ఇవ్వక్కర్లేదన్నారుగా మరి! ఆలిండియా బార్ పరీక్ష డిసెంబరు 22న రాసొచ్చింది, అప్పటికి ఫలితం ఇంకా రాలేదు.

"చూద్దాం బిడ్డా. రెండేండ్లు పైసలు రావు, ఓపిక పట్టాలె," అన్నారు సారు. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అమ్మాయి మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. క్లయింట్లతోపాటు బల్ల మీద కూర్చుని, వాళ్లు చెప్పుకునే పహాణీ గొడవలు వింటూ పోయేది.

ఒకరోజు గుమాస్తా రాలేదు. ముద్దాయి ఒకడు కోర్టుకు రాలేనని ఫోన్ చేశాడు. సారు కోటు తొడుక్కుంటూ ఆ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, ఒక 317 రాయి" అన్నారు. ముద్దాయి హాజరును ఆ రోజుకు మాఫీ చేయమనే పిటిషన్ అది, సెక్షన్ నంబరే దాని పేరు. ఆ అమ్మాయి కలం తీసి ఆగింది.

"సార్, కేసు ఎప్పటిది?"

"ఎందుకు?"

"2024 జూలై 1 నాటికే విచారణల ఉంటే 317 సార్. తర్వాత మొదలైతే కొత్త క్రిమినల్ చట్టంల 355."

సారు నన్ను తెరిచి చూశారు. 2023 నాటి క్రిమినల్ కేసు, సాక్షుల దశ. "పాతదే."

"అయితే 317 సార్," అని రాయడం మొదలుపెట్టింది.

సారు నన్ను మూసి ఆమె వైపు జరిపారు. "ఇగో, ఇది నీ దగ్గర ఉంచు. రేపటి సంది కాల్ వర్క్ నువ్వే చూడు."

కాల్ వర్క్ అంటే కోర్టులో కేసు పిలిచినప్పుడు లేచి పలకడం. అంతే, ఉద్యోగం వచ్చేసింది. కాగితం లేదు, జీతం మాట లేదు, సెలవుల మాట లేదు. ఈ జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి వకీలే. పీవీ నరసింహారావు బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా పనిచేశారు. ఆ రోజుల్లోనూ ఆర్డరు కాగితాలు నడిచాయని నేననుకోను. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలో శిక్షణ నిబంధన ఉండేది, 1973 సవరణలో తీసేశారు. బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణ మళ్లీ పెట్టబోతే, చట్టంలో లేని అధికారం మీకెక్కడిదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మిగిలింది సారు గదీ, నేనూ.

పైసల సంగతికొస్తే, జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 తగ్గకుండా ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. సిఫారసే, ఆజ్ఞ కాదు. మన ఊరు ఏ లెక్కలోకి వస్తుందని చాయ్ దుకాణం దగ్గర జూనియర్లు గట్టిగా వాదించుకున్నారు. ఇవ్వాల్సినవాళ్లెవరూ ఆ వాదనలోకి దిగలేదు. మా సారు నెలాఖరున జేబులో చేయిపెట్టి వచ్చినంత ఇస్తారు. ఇచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటారు. అది సిగ్గో, అలవాటో నాకు అంతుపట్టలేదు.

ఆ అమ్మాయి స్నేహితురాలు ఒకామె ఇంగ్లండులో చదువుతోంది. అక్కడ సొలిసిటర్ కావాలంటే పరీక్షలతోపాటు రెండేళ్ల పని అనుభవం ఉండాలట. శిక్షణ ఉద్యోగాలకు దరఖాస్తులు చాలా ముందే పంపుకోవాలట. ఒకటే ఫారాలు, ఒకటే తిరస్కారాలని ఫోన్లో వాపోయింది. "మాకు ఫారమే ఉండదే," అని ఈమె నవ్వింది. ఎవరి కష్టం పెద్దదో నేను చెప్పలేను. అక్కడ కాదన్నా కాగితం మీద అంటారు, ఇక్కడ "చూద్దాం" అనే మాటకు గడువుండదు. తండ్రికి ఊళ్లో పొలమున్న పిల్లవాడు ఆ మాట పట్టుకుని రెండేళ్లు కూర్చోగలడు. మిగతావాళ్లు ఆదిభట్ల కంపెనీల్లో చేరిపోతారు.

మార్చిలో ఆ అమ్మాయి బార్ పరీక్ష పాసైంది. మేలో సివిల్ కోర్టులకు సెలవులు, నాకూ కాస్త ఊపిరాడింది. జూన్ నుంచి నా గళ్లు ఆమె అక్షరాలతో నిండాయి. గుమాస్తా రాత కంటే నయం, ఏడు ఒకటిలా కనబడదు. వకాలత్ మీద సారు పేరు కింద ఆమె పేరు పడటం మొదలైంది.

ఇప్పుడు డిసెంబరు. నాలో మిగిలిన వాయిదాలను కొత్త డైరీలోకి ఎక్కిస్తోంది. దాని పక్కన ఆమె సొంత పైసలతో కొనుక్కున్న చిన్న డైరీ ఇంకొకటుంది. అందులో ప్రస్తుతం ఒక్కటే కేసు, మంచాల నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ పంపకం దావా. ఫీజు సగమే ముట్టింది. "నీ కేసు నువ్వే చూస్కో, చీఫ్ అఫిడవిట్ మాత్రం నాకు చూపించి వెయ్యి," అన్నారు సారు. వాయిదా ఫిబ్రవరిలో.