లీగుకి ఎంపికైన కుర్రాణ్ణి ఎక్కడికీ పంపకుండా పైకి తెచ్చే చిట్కాలు

మీ ఇంట్లో పదిహేడేళ్ల గుంటడున్నాడు. బుచ్చయ్యపేట మండలంలో ఏదో హైస్కూలు గ్రౌండులో, ఆ దుమ్ములో బంతి కొట్టి కొట్టి జిల్లా జట్టులో పడ్డాడు. రాష్ట్రానికి ఆడాడు. చివరికి హాకీ ఇండియా లీగు వేలంలో ఏదో జట్టు రెండు లక్షల కనీస ధరకి జూనియర్ కోటాలో తీసుకుంది అనుకుందాం. ఇంతవరకూ జరిగింది మీ చేతిలో లేదు, పోనీయండి. ఇకముందు జరగాల్సింది మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఏడేళ్ల తర్వాత మళ్లీ తెరిచిన ఆ లీగు 2024 డిసెంబరు 28న మొదలై 2025 ఫిబ్రవరి 1న అయిపోయింది. అంటే అయిదు వారాలు. మిగతా నలభై ఏడు వారాలు కుర్రాడు ఎక్కడుండాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఎవరితో ఆడాలి అని కోచ్‌లు జుట్టు పీక్కుంటారు. మనకంత శ్రమ అక్కర్లేదు. మా మేనల్లుడి విషయంలో నేనీ దారంతా నడిచినవాణ్ణి, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. వరసగా పాటించండి.

1. ముందు ఫ్లెక్సీ, తర్వాతే స్టిక్కు.

వేలం అయిన రాత్రే ఫొటో పంపి ఫ్లెక్సీలు కొట్టించండి. వడ్డాదిలో ఒకటి, మండలాఫీసు ఎదురుగా ఒకటి, చోడవరం బస్టాండు దగ్గర ఒకటి. పైన వరసగా పెద్దల బొమ్మలు వెయ్యండి, కింద మూల మిగిలిన జాగాలో కుర్రాడి బొమ్మ పడుతుంది. 'అంతర్జాతీయ క్రీడాకారుడు' అని రాయించండి. నేనింకా దేశానికి ఆడలేదు కదా అని వాడే నసుగుతాడు. లీగులో విదేశాలవాళ్లు ఆడుతున్నారు కాబట్టి నువ్వూ అంతర్జాతీయమే అని చెప్పండి. తర్వాత నెల్లాళ్లు సన్మానాలకు తిప్పండి. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుళ్లో కొబ్బరికాయతో మొదలుపెడితే అనకాపల్లి దాకా శాలువాలు దొరుకుతాయి. సన్మానం ఉన్న రోజు ప్రాక్టీసు ఉండదు. ఈ సంగతి శాలువా కప్పేవాళ్లకు తెలియదు, మీకు తెలిస్తే చాలు.

2. ఆడించే జట్టు వద్దు, కూర్చోబెట్టే జట్టు వెతకండి.

అన్నిటిలోకీ ముఖ్యమైన చిట్కా ఇదే కాబట్టి నిదానంగా చదవండి. ఆ సీజన్లో లీగు జట్టుకి ఇరవై నలుగురు. అందులో ఎనిమిది మంది విదేశీయులు. భారతీయులు పదహారు మంది, వాళ్లలో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలని నిబంధన. మైదానంలో దిగేది ఒకసారికి పదకొండు మందే. మీ వాడు ఆడే స్థానంలో ఇద్దరో ముగ్గురో ఒలింపిక్స్ ఆడొచ్చినవాళ్లు ఉన్న జట్టయితే మీ అదృష్టం పండినట్టే. వాళ్లు అలిసిపోయేదాకా వీడికి పిలుపు రాదు, వాళ్లు అలవరు.

ఆ వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్‌కి సూర్మా క్లబ్ 78 లక్షలు పెట్టింది. గొంజాలో పెయిలాట్‌కి హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టింది. మీ వాడు రెండు లక్షలవాడు. అయినా ఏ జట్టులోనైనా లక్షలవాళ్లందరికీ ఒకటే బస్సు, ఒకటే హోటలు, ఒకటే భోజనం. పరుగు మాత్రం వాళ్లది. ఇంతకన్నా లాభసాటి బేరం మన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కూడా దొరకదు.

ఇక్కడ కోచ్ అడ్డు తగులుతాడు. "ఏడాదంతా చిన్న జట్టుకైనా ఆడించండి, జూనియర్ నేషనల్స్‌కి పంపండి, యూనివర్సిటీ పోటీలకి పంపండి, మ్యాచ్ మొత్తం ఆడితేనే పదునెక్కుతాడు" అంటాడు. ఆయన మాటలో ప్రమాదం చూడండి. చిన్న జట్టులో పెడితే నాలుగు క్వార్టర్లూ, అరవై నిమిషాలూ వీడే పరిగెత్తాలి. తప్పు చేస్తే అందరికీ కనిపిస్తుంది. సాయంత్రం కూర్చోబెట్టి దిద్దుతారు. మర్నాడు ఇంకో తప్పు చేస్తాడు, దాన్నీ దిద్దుతారు. ఇలా ఎన్నాళ్లు? బెంచీ మీద కూర్చున్నవాడు ఏ తప్పూ చెయ్యడు. అయిదేళ్లు కూర్చున్నా మచ్చ ఉండదు.

3. జట్టు పేరులో ఊరు చూసి, దగ్గరే కదా అని నమ్మండి.

ఆ సీజన్లో గోనాసిక జట్టుది విశాఖపట్నం పేరు. మగవాళ్ల మ్యాచ్‌లన్నీ మాత్రం రూర్కెలాలో, రాంచీలో జరిగాయి. కాబట్టి విశాఖ జట్టులో పడితే వారం వారం ఇంటికొస్తాడని వాళ్లమ్మకు చెప్పి పంపండి. తీరా రూర్కెలా అని తెలిశాక ఆవిడ ఏడుస్తుంది. ఆ ఏడుపు మీకు ఆరో చిట్కాలో పనికొస్తుంది.

4. హాస్టలు ఆహ్వానం వస్తే ఆవును తలుచుకోండి.

కుర్రాడు బాగా ఆడితే పెద్ద ముప్పు ఇదే. ఎక్కడిదో స్పోర్ట్స్ హాస్టలు, భువనేశ్వర్ కళింగ స్టేడియంలోని అకాడమీ, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (సాయ్) కేంద్రం, ఇలా ఎవరో ఒకరు పిలుస్తారు. పొద్దున్న అయిదుకి లేపుతారు. చదువు, తిండి, ఫిజియో, టర్ఫు అన్నీ వాళ్లే చూస్తారు. అన్నీ వాళ్లే చూస్తే మనమెందుకు?

అక్కడికి వెళ్లినవాళ్ల గతి ఏమైందో చూడండి. ఒడిశా సుందర్‌గఢ్ జిల్లాలో సౌనామరా అనే పల్లె నుంచి దిలీప్ టిర్కీ రూర్కెలా పక్కనే ఉన్న పాన్‌పోష్ హాస్టలుకి వెళ్లాడు. 1996, 2000, 2004 ఒలింపిక్స్ ఆడాడు. 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఇక ఊళ్లో వరి కోతలకి మనిషెక్కడ దొరుకుతాడు? కేరళలో శ్రీజేష్ పన్నెండో ఏట తిరువనంతపురం జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూలుకి వెళ్లాడు. గోల్‌కీపర్ ప్యాడ్లు కొనడానికి వాళ్ల నాన్న ఇంట్లో ఆవును అమ్మేశాడు. 2006లో భారత జట్టులోకి వచ్చినా స్థానం కుదురుకునేసరికి ఇంకో అయిదేళ్లు పట్టింది. ఆ తర్వాత టోక్యోలో కాంస్యం, పారిస్‌లో కాంస్యం. రెండు పతకాలు సరే, పొద్దున్నే పాలు ఎవరిస్తారు?

మా మేనల్లుడికీ ఇలాగే ఒక హాస్టలు నుంచి ఉత్తరం వచ్చింది. వాడు పెట్టె సర్దుకున్నాడు. నేను మా అక్కని పక్కకి పిలిచి, "అక్కడ ఉదయం టిఫిన్‌లో పచ్చి మొలకలు పెడతారంట" అన్నాను. అంతే, పెట్టె మళ్లీ మంచం కిందకి వెళ్లింది. మీరూ తిండి దగ్గరే దెబ్బకొట్టండి. ఆట గురించి వాదిస్తే కుర్రాడు గెలుస్తాడు. పప్పు గురించి, అన్నం గురించి వాదిస్తే తల్లి గెలుస్తుంది.

5. టర్ఫు జోలికి పోనివ్వకండి.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ టర్ఫు మీద ఆడించారు. అంతకుముందు ఏడు స్వర్ణాలు తెచ్చిన మన దేశం ఆ ఏడు ఏడో స్థానంలో నిలిచింది. దీన్నిబట్టి తేలేదేమిటి? టర్ఫు మనకి పడదు. తడి టర్ఫు మీద బంతి జారినట్టు వస్తుంది. రెప్ప వేసేలోపు ఆపాలి, ఆపిన చోటు నుంచే పాస్ ఇవ్వాలి. మన గ్రౌండులో అయితే బంతి రాయికి తగిలి ఎటో పోతుంది, ఆపకపోయినా ఎవరూ ఏమీ అనరు. కాకినాడలో టర్ఫు ఉంది, శని ఆదివారాలైనా తీసుకెళ్లండి అని ఎవరో ఒకరు అంటారు. సామర్లకోటలో రైలు దిగాలి, మళ్లీ ఆటో ఎక్కాలి, నడుం నొప్పి అని చెప్పండి. నడుం ఎవరిదో చెప్పక్కర్లేదు.

6. సంక్రాంతిని ఆయుధంగా వాడుకోండి.

లీగు పెట్టినవాళ్లు మనకి చేసిన మేలు ఒకటుంది. 2025 భోగి సరిగ్గా లీగు మధ్యలో పడింది. ఇంట్లో అరిసెలు వండుతుంటే, పొలంలో చెరకు నరికి బెల్లం వండుతుంటే, ఆ వాసన ఫోనులో పంపలేరు గానీ వీడియో పంపవచ్చు. రోజూ పంపండి. మూడో రోజుకి కుర్రాడు ముద్ద దిగడం లేదంటాడు. అప్పుడు వాళ్లమ్మకి ఫోనివ్వండి. కనుమ వెళ్లాక వదిలేస్తే అక్కడే పాతుకుపోతాడు, కాబట్టి వరసగా ఊరూరి తీర్థాల పేర్లు చెప్పి ఫిబ్రవరి దాకా లాగండి.

7. కోచ్ ఫోను చేస్తే ఇలా చెప్పండి.

సోమవారం: మోకాలు. మంగళవారం: వాళ్ల నాన్నమ్మకి బాగాలేదు. బుధవారం: సిగ్నల్ లేదు, మాట తెగిపోతోంది. గురువారం: డిగ్రీ పరీక్ష. శుక్రవారం: నాన్నమ్మకి తగ్గింది, మొక్కు తీర్చడానికి అనకాపల్లి నూకాలమ్మ దగ్గరికి వెళ్లాం. శనివారం: మళ్లీ మోకాలు. ఒకే మోకాలు చెప్పండి, కుడి ఎడమలు మారిస్తే దొరికిపోతారు. గోడ మీద రాసి పెట్టుకుంటే మంచిది.

8. నెలకో స్థానం మార్పించండి.

డిఫెండర్‌గా ఎంపికైతే ఫార్వర్డ్ ఆడమనండి, గోల్ కొడితేనే పేపర్లో ఫొటో వస్తుంది. రెండు గోల్స్ తప్పితే మిడ్‌ఫీల్డ్ అనండి. మూడేళ్లలో అన్ని స్థానాలూ తెలిసినవాడు అవుతాడు. ఏ స్థానానికి మనిషి కావాలన్నా వాణ్ణి పిలవరు, అందరికీ మర్యాదగా ఉంటుంది.

9. వయసు తగ్గించండి.

రెండేళ్లు చాలు. మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముకలను బట్టి వయసు లెక్కగడతారు కాబట్టి ఆ రోజు రెండు మణికట్లకీ కట్టు కట్టించి పంపండి. కట్టు కింద నుంచి ఎక్స్‌రే పడుతుందా అని అడగకండి, పడదనే నమ్మకంతో వెళ్లండి.

10. ఉద్యోగం వచ్చిన రోజే ఆట అయిపోయినట్టు.

రైల్వేలో, ఆయిల్ కంపెనీల్లో క్రీడా కోటా ఉంటుంది. ఆ జట్లకి ఆడితే దేశంలో పెద్ద టోర్నీలన్నీ తిప్పుతారని, భారత జట్టులో చాలామంది ఆ దారినే వచ్చారని కోచ్ చెబుతాడు. మీరు ఆ మాటలో మొదటి సగమే వినండి. ఉద్యోగం ఇప్పించుకోండి. చేరిన మర్నాడు స్టిక్కు అటక మీద పెట్టించండి. మన హైదరాబాద్ ముకేష్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు, ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని భారత జట్టు గోల్‌పోస్టు ముందు నిలబడింది. వాళ్లు ఏళ్ల తరబడి అలసిపోయారు. అంత అలసట మన ఇంట్లోకి ఎందుకు?

11. సంతకం మీదే అని మరిచిపోకండి.

హాస్టలు గానీ, క్లబ్బు గానీ, శిక్షణ శిబిరం గానీ పిలిస్తే ఒక ఫారం వస్తుంది. తండ్రి సంతకం లేకుండా అది కదలదు. ఇక్కడికొచ్చేసరికి చాలామంది కరిగిపోతారు. కుర్రాడు ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు, ఏమీ మాట్లాడడు, మీ మొహం చూస్తాడు. మా మేనల్లుడూ అలాగే నిలబడ్డాడు. మా బావ పెన్ను తీశాడు. నేను ఆపాను. ఆ కుర్రాడిప్పుడు వడ్డాదిలో రీఛార్జ్ దుకాణంలో నీడపట్టున కూర్చుంటున్నాడు, ఎండ తగలదు. ఇంటికి వస్తే నాతో మాట్లాడడు గానీ భోజనానికి వేళకి వస్తాడు.

మీరు కూడా కళ్లలోకి చూడకండి. కాగితం తీసుకుని జేబులో పెట్టుకోండి, సరే అనండి, కాదని ఎప్పుడూ అనొద్దు. ఫారం మీద గడువు శుక్రవారం అని ఉంటుంది. శనివారం సంతకం పెట్టి ఇవ్వండి.