అడిగినవాటికల్లా ముందు ‘వద్దు’ కొట్టండి

కొత్త యాప్ వేసుకున్నాక తెర మీదకొచ్చే ప్రశ్నలన్నిటికీ ‘అలో’ కొట్టేయమనే అందరూ చెబుతారు. ఫోన్ల షాపులో కుర్రాడు అదే చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన అదే చెబుతాడు, ఇంట్లో పిల్లలైతే మన చేతిలో ఫోన్ లాక్కుని టకటకా వాళ్లే కొట్టేసి ఇస్తారు. కాదంటే యాప్ పనిచేయదని వాళ్ల నమ్మకం. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. ఏది అడిగినా ముందు ‘వద్దు’ కొట్టండి. చదివి, ఆలోచించి కొట్టమనడం లేదు. చదవకముందే కొట్టండి. మొండి సలహా అనేవాళ్లు అననీ. నేను మనస్ఫూర్తిగానే చెబుతున్నాను, కారణమూ చెబుతాను.

పొరపాటున ‘వద్దు’ అన్నదాన్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు నొక్కి, పర్మిషన్స్‌లోకి వెళ్లి ఇచ్చేయడం అరనిమిషం పని. పొరపాటున ‘సరే’ అన్నదానికి ఆ దారి లేదు. మీ కాంటాక్టులు ఒకసారి ఎవరి సర్వర్‌కో చేరాక, అనుమతి రద్దు చేసినా, యాప్ పీకి పారేసినా, వెళ్లిన పేర్లూ నంబర్లూ తిరిగి రావు. అందులో మీ చెల్లెలి నంబరుంది, మీ పిల్లల టీచరు నంబరుంది. వాళ్లెవరూ ఆ యాప్‌కు ఒప్పుకోలేదు. రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేయక తప్పనప్పుడు దిద్దుకోగలిగిన తప్పే చేయాలి.

కాదన్నాక ఫోన్ ఎలా నడుచుకుంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఐఫోన్‌లో యాప్ ఒక అనుమతిని మామూలుగా ఒకసారే అడగగలదు. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఒకే అనుమతికి రెండుసార్లు కాదంటే ఆ తర్వాత ఆ ప్రశ్న తెర మీదకు రాదు. ఇక మీదట ఏదైనా పని ఆగితే, మీకు అవసరమనిపిస్తే, మీరే వెళ్లి ఇస్తారు. మనుషుల దగ్గర మొహమాటం ఉండాల్సిందే. యాప్ దగ్గర దానికి చోటు లేదు.

ఇక అసలు సంగతి. కెమెరా కావాలంటే ఫోన్ మిమ్మల్ని అడుగుతుంది. మైకు, లొకేషన్, కాంటాక్టులు, వీటికీ అడుగుతుంది. వీటన్నిటినీ బయటికి మోసుకుపోయే ఇంటర్నెట్‌కు మాత్రం అడగదు. ఆండ్రాయిడ్‌లో నెట్ వాడుకుంటానని యాప్ తయారుచేసినవాళ్లు లోపల ఒక వరుస రాసుకుంటే చాలు, ఇన్‌స్టాల్ అవుతూనే ఆ అనుమతి దానికి దక్కుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చి ప్రమాదకరమైన అనుమతులను యాప్ నడుస్తున్నప్పుడు అడిగే పద్ధతి పెట్టింది. నెట్‌ను ఆ ప్రమాదకరమైన వాటిలో చేర్చలేదు. ప్లే స్టోర్‌లో యాప్ వివరాల కింద పర్మిషన్ల జాబితా తెరిస్తే, చివర్లో ఎక్కడో ‘ఫుల్ నెట్‌వర్క్ యాక్సెస్’ అన్న మాట కనిపిస్తుంది. ఆ జాబితాను కూడా 2022 జులైలో గూగుల్ తీసేసి, విమర్శలు వచ్చాక తిరిగి పెట్టింది. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. ఫోటో తీసుకున్న యాప్ ఆ ఫోటోను ఫోన్‌లోనే ఉంచుకుంటే నష్టమేమీ లేదు. నష్టం బయటికి పంపినప్పుడే. ఆ పంపే దారికే మనల్ని అడిగేవాళ్లు లేరు.

అడగనప్పుడు మనమే పరీక్ష పెట్టాలి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఇప్పుడు యాప్ తెరవండి. పంచాంగం యాప్ అనుకోండి. తిథి, నక్షత్రం, వర్జ్యం చక్కగా చూపిస్తోందంటే ఆ పనికి దానికి నెట్ అక్కర్లేదు. ప్రకటనలు తెచ్చుకోవడానికో, మీ గురించి ఎవరికో చెప్పడానికో కావాలి, అంతే. ఆ యాప్ లొకేషన్ అడగడంలో కొంత న్యాయముంది. సూర్యోదయాన్ని బట్టి రాహుకాలం మారుతుంది కనుక మీరున్న ఊరు తెలియాలి. అయితే చాలా పంచాంగాల్లో ఊరి పేరు మీరే ఎంచుకునే వీలుంటుంది. రాజమండ్రి అని ఎంచుకుంటే సరిపోయేదానికి మీ ఇంటి గుమ్మం దాకా తెలియడం ఎందుకు? ఊరు ఎంచుకునే వీలు లేకపోతే, ఆండ్రాయిడ్ 12 నుంచి ‘సుమారు లొకేషన్’ అన్న అవకాశం ఉంది. ఐఫోన్‌లోనూ ‘ప్రిసైజ్’ అన్న మీట ఆపేయొచ్చు. రాహుకాలానికి ఆ సుమారు చాలు.

టార్చి యాప్‌ల సంగతి మరీ పాత కథ. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ టార్చి వచ్చే ఉంటోంది కానీ, ఒకప్పుడు దానికీ వేరే యాప్ వేసుకునేవాళ్లు. కోట్లమంది వేసుకున్న ఒక టార్చి యాప్, వాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ప్రకటనల కంపెనీలకు చేరవేసింది. వినియోగదారుల తరఫున అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 డిసెంబరులో దాని మీద చర్య తీసుకుంది. దీపం వెలిగించడానికి నెట్ ఎందుకని ఒక్క ప్రశ్న ముందే వేసుకుని ఉంటే ఆ యాప్ గడప దాటేది కాదు.

పరీక్షలో తేలిన యాప్‌కు నెట్ కట్ చేయడం మీ ఫోన్‌ను బట్టి ఉంటుంది. షావోమీ వంటి కొన్ని కంపెనీల ఫోన్లలో ఒక్కో యాప్‌కు వైఫై, మొబైల్ డేటా విడివిడిగా ఆపేసే మీటలు సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. ఐఫోన్‌లో మొబైల్ డేటా వరకు ఆపొచ్చు, వైఫై ఆపలేం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాక్‌గ్రౌండ్ డేటా మాత్రం ఆపగలం, అంటే తెరవనప్పుడు అది మన డేటా తినదు. అదీ చాలదనుకునేవాళ్లకు నెట్‌గార్డ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఫోన్‌లోపలే వీపీఎన్ దారిని వాడుకుని, మీరు చెప్పిన యాప్‌ల నెట్‌ను ఆపుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుతో నెట్టుకొచ్చే ఇంట్లో దీనివల్ల డేటా కూడా మిగులుతుంది.

వీపీఎన్ మాట వచ్చింది కాబట్టి, మన డేటాను తమ సర్వర్ల మీదుగా పంపే ఉచిత వీపీఎన్‌లకు మాత్రం ఆ అనుమతి అసలు ఇవ్వకండి. వీపీఎన్‌కు ‘ఓకే’ అంటే ఫోన్ నెట్ రాకపోకలన్నీ దాని గుండా పోతాయి. దీనికంటే పెద్ద నెట్‌వర్క్ అనుమతి ఫోన్‌లో లేదు. మీ డేటాను కాపాడుతుందని ప్రచారం చేసుకున్న ఓనావో ప్రొటెక్ట్ అన్న వీపీఎన్ ఒకప్పుడు ఫేస్‌బుక్ నడిపినది. అందులోంచి పోగైన సమాచారాన్ని ఫేస్‌బుక్ తన వ్యాపారానికి వాడుకుంది. ఆ సంగతి జనానికి సరిగా చెప్పలేదని 2023లో ఆస్ట్రేలియా కోర్టు రెండు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది కీబోర్డు దగ్గర. తెలుగులో టైపు చేయాలన్న ఆశతో ఏ కీబోర్డు దొరికితే అది వేసుకుంటాం. ఐఫోన్‌లో బయటి కీబోర్డు వేసుకుంటే ‘ఫుల్ యాక్సెస్’ అడుగుతుంది. అది ఇవ్వనంత వరకు ఆ కీబోర్డుకు నెట్ ఉండదు, మీరు కొట్టిన అక్షరాలు ఫోన్ దాటవు. ఇస్తే దాటగలవు. మీరు రాసే ప్రతి ఉత్తరం, వెతికే ప్రతి జబ్బు పేరు దాని మీదుగానే పోతాయి. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు వాడిన మూడు కోట్ల పది లక్షల మంది వివరాలు పాస్‌వర్డ్ కూడా లేని సర్వర్‌లో బయటపడ్డాయి. వాళ్ల ఫోన్లలోని కాంటాక్టులూ అందులో ఉన్నాయి. ఐఫోన్‌తో వచ్చే కీబోర్డులోనూ, గూగుల్ జీబోర్డులోనూ తెలుగు ఉంది. ముందు వాటితో సరిపెట్టుకోండి. వేరేది వేసుకోక తప్పకపోతే ఫుల్ యాక్సెస్‌కు ‘వద్దు’ కొట్టి చూడండి. మామూలు టైపింగ్‌కు అది లేకపోయినా ఇబ్బంది ఉండకూడదు. ఇబ్బంది పెట్టిందంటే ఆ కీబోర్డు మీకొద్దు.

ఐఫోన్‌లో 2020 నుంచి, అంటే ఐఓఎస్ 14తో, ఇంకో ప్రశ్న వస్తోంది. మీ లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలను వెతికి కలుపుకోవడానికి అనుమతి కావాలంటుంది. ‘నెట్‌వర్క్’ అన్న మాట కనబడగానే, కాదంటే నెట్ పోతుందని జనం కంగారుగా ‘అలో’ కొట్టేస్తారు. నెట్ పోదు. ఆ అనుమతికీ ఇంటర్నెట్‌కూ సంబంధం లేదు. అది అడుగుతున్నది మీ ఇంటి వైఫైకి తగిలించి ఉన్న టీవీ, ప్రింటరు, సీసీ కెమెరా, స్పీకరు వంటి వాటిని చూడటానికి. ఏ ఇంట్లో ఏ వస్తువులున్నాయో పట్టీ చేతికొస్తే, ఆ ఇంటిని మళ్లీ గుర్తుపట్టడం ప్రకటనల కంపెనీకి తేలిక. ఫోన్‌లో బొమ్మ టీవీ మీద వేయాలన్నా, ప్రింట్ తీయాలన్నా, ఇంటి కెమెరా చూడాలన్నా ఇవ్వండి. షాపింగ్ యాప్‌కో, వార్తల యాప్‌కో ఇవ్వడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు.

‘వద్దు’ అన్నందుకు తెరుచుకోనని యాప్ మొరాయిస్తే ఏం చేయాలి? తీసేయండి. బతిమాలకండి, ‘ఈసారికి ఇచ్చి చూద్దాం’ అనుకోకండి. అప్పుల యాప్‌లు తెలంగాణకు నేర్పిన పాఠం ఇదే. 2020 చివర్లో, ఫోన్‌లో కాంటాక్టులన్నీ లాక్కుని, బాకీ ఆలస్యమైతే బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసిన ఆ యాప్‌ల వేధింపులకు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు ఇవ్వడానికి కాంటాక్టులు చూడకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో స్పష్టంగా రాసింది. కాంటాక్టులు, కాల్ రికార్డులు, ఫోన్‌లోని ఫైళ్లు అప్పుల యాప్‌లు ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం కేవైసీ కోసం, మీ సమ్మతితో, ఒక్కసారికి వాడుకోవచ్చు. 2023 మే 31 నుంచి కాంటాక్టులు, ఫోటోలు తీసుకునే అప్పుల యాప్‌లను ప్లే స్టోర్ కూడా నిషేధించింది. కాబట్టి ఏ అప్పుల యాప్ అయినా ఇవాళ కాంటాక్టులు అడిగితే అది దొంగ యాప్ అని అక్కడికక్కడే తేల్చుకోండి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేయకండి, సిగ్గుపడకండి.

షరతుల పత్రం పూర్తిగా చదివాకే ఒప్పుకోవాలని పెద్దలు చెబుతుంటారు. చదవకండి అని నేనంటాను. అరవై పేజీల ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగిన వకీలుకు కూడా ‘ఒప్పుకోకపోతే వెళ్లిపో’ అన్న ఒక్క దారే మిగులుతుంది. దాని బదులు చట్టం ఏం చెబుతోందో గుర్తుపెట్టుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే ఒక ఉదాహరణ రాసి ఉంది. వైద్యం కోసం ఒకామె ఒక టెలిమెడిసిన్ యాప్ వేసుకుంటే, అది ఆమె కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, ఆమె రెంటికీ ఒప్పుకుంది. అయినా ఆ సమ్మతి వైద్యానికి కావలసినంత వరకే చెల్లుతుంది, ఎందుకంటే వైద్యానికి కాంటాక్టులతో పని లేదు. సమ్మతి కోరేటప్పుడు ఆ వివరం ఇంగ్లీషులోనో, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మీకు నచ్చినదానిలోనో చదువుకునే వీలు ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. ఆ 22లో తెలుగుంది. తెలుగులో అడగని యాప్‌ను తెలుగులో అడగమని డిమాండ్ చేయాలి.

వెంటనే ఇవ్వాల్సినవీ కొన్ని ఉన్నాయి. యూపీఐ యాప్ మీ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందో లేదో చూసుకోవడానికి ఎస్సెమ్మెస్ పంపాలి, దానికి అడ్డుపడితే డబ్బు కదలదు. క్యాబ్‌కో ఆటోకో ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని లొకేషన్ ఇవ్వండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను ఎన్నడూ ఆపకండి. ఇక వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలుకు, అంటే ఫోన్‌లో యాప్‌ను వేసే ఫైలుకు, అనుమతి ప్రశ్నే రానీయకూడదు. దాన్ని తెరవనే వద్దు.

ఇదంతా చదువుతున్న మీరు ఎలాగో జాగ్రత్తపడతారు. నా దిగులు మీ అమ్మానాన్నల గురించి. వాళ్ల ఫోన్ కొన్నరోజే షాపులో ఎవరో అన్నిటికీ ‘అలో’ కొట్టి చేతిలో పెట్టి ఉంటారు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ తీసేయండి. ఎందుకు తీసేస్తున్నారో వాళ్ల మాటల్లో చెప్పండి. వారం తర్వాత ఏదో పనిచేయడం లేదని వాళ్లు ఫోన్ చేస్తే విసుక్కోకుండా, ఆ పనికి కావలసిన ఆ ఒక్క అనుమతి మాత్రం ఎలా ఇవ్వాలో చెప్పి ఇప్పించండి.