పేరు కాదు, నా ఊపిరి చూడండి

నేను గేమింగ్ ల్యాప్‌టాప్‌ను. ఒకే ఒంట్లో రెండు బతుకులు బతికే యంత్రాన్ని. పగలు ఆన్‌లైన్ క్లాసు, ఎక్సెల్ షీటు, కోడింగ్; రాత్రి జీటీఏ, సైబర్‌పంక్. మొదటి బతుక్కి పది పదిహేను వాట్ల కరెంటు చాలు. రెండోదానికి నా గ్రాఫిక్స్ చిప్పూ ప్రాసెసరూ కలిసి నూట యాభై వాట్ల దాకా తాగుతాయి. తాగిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారి బయటికి పోవాల్సిందే. రెండు వేళ్ల మందం ఉన్న నా ఒంట్లోంచి ఆ వేడిని మోసుకెళ్లడానికి ఉన్నవి రాగి గొట్టాలు, అంచున సన్నని రేకులు, రెండు ఫ్యాన్లు. గొట్టం లోపలి ద్రవం చిప్పు దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి వస్తుంది. అదే నా ఊపిరి. నన్ను ఎంచుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది దాన్నేనని నా వాదన.

అంగట్లో మాత్రం నన్ను పేరు పెట్టి అమ్ముతారు. ఆర్‌టీఎక్స్ 4060 అన్న స్టిక్కరు చూడగానే కొనేవాడి మనసు కుదుటపడుతుంది. కానీ ల్యాప్‌టాప్‌లో ఆ చిప్పుకు ఎన్‌విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. అంత తేడాతో నడిచే యంత్రాలన్నీ ఒకే పేరుతో చలామణి అవుతాయి. 4070కీ అదే పరిధి, అదే 8 జీబీ మెమరీ. అందుకే పెద్ద పేరున్న చిప్పును సన్నటి ఒంట్లో తక్కువ వాట్లకు కట్టేస్తే, నిండా వాట్లందిన చిన్న చిప్పు దాన్ని అందుకోగలదు. డెస్క్‌టాప్‌తో పోల్చినప్పుడు పేరు ఇంకా మోసం చేస్తుంది. డెస్క్‌టాప్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ, 450 వాట్లు. ల్యాప్‌టాప్‌లో అదే పేరున్న చిప్పుకు 9,728 కోర్లు, 16 జీబీ, గరిష్ఠంగా 150 వాట్లు. నిజం చెప్పే అంకె స్పెసిఫికేషన్ల పట్టికలో టీజీపీ (గ్రాఫిక్స్‌కు అందే మొత్తం వాట్లు) అన్న మాట పక్కన ఉంటుంది. అది రాయని చోట అడిగి తెలుసుకోవాలి.

వాట్లు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ వేడిని నేను మోయగలగాలి. నాలాంటి వాటిలో ప్రాసెసరు 100 డిగ్రీల దరికి చేరగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. నా ఫ్యాన్లు పీల్చేది గదిలోని గాలినే కదా! ఏసీ గదిలో 24 డిగ్రీల గాలి దొరుకుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి దొరికితే, వేడిని వదిలించుకోవడానికి నాకున్న వెసులుబాటులో 18 డిగ్రీలు అక్కడే పోయినట్టు. కాబట్టి ఆట మొదలైన అయిదు నిమిషాల వేగాన్ని చూసి నాకు మార్కులు వేయొద్దు. అరగంట ఆడాక ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో, ఎంత చప్పుడు చేస్తున్నానో చెప్పే సమీక్షనే నమ్మండి.

అయితే లావుపాటి యంత్రాన్ని రోజూ కాలేజీకి, ఆఫీసుకు ఎవరు మోస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెండు కిలోలు దాటిన నా బరువుకు అడాప్టరు బరువు అదనం. బ్యాటరీ పెద్దదైతే ప్లగ్గు లేకుండా ఆడుకోవచ్చన్న ఆశ కూడా నిలవదు. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగల బ్యాటరీకి హద్దు 100 వాట్-అవర్లు. 130 వాట్లు తాగే ఆటను అది గంట సేపు కూడా పోషించలేదు. కానీ ఆడేటప్పుడు ఎలాగూ ప్లగ్గు దగ్గరే కూర్చోవాలి. పగటి పనికి నాకు వేరే దారి ఉంది: పెద్ద చిప్పును నిద్రపుచ్చి, ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్స్‌తో తెర నడపడం. ఎన్‌విడియా ఆప్టిమస్ పేరుతో ఆ పద్ధతిని 2010లోనే తెచ్చింది. ఊపిరి బలంగా ఉన్న యంత్రం తేలికైన పనికి ఫ్యాన్లను దాదాపు తిప్పకుండానే ఉండగలదు. ఉన్న బలాన్ని అవసరం లేనప్పుడు తగ్గించుకోవచ్చు, లేని బలాన్ని తర్వాత తెచ్చుకోలేం. ఇక నన్ను టేబుల్ మీంచి కదిలించే పనే లేనివాళ్లకు నా మాట ఒకటే: డెస్క్‌టాప్ కొనుక్కోండి, అదే డబ్బుకు ఎక్కువ వస్తుంది.

ర్యామ్ ఎక్కువుంటే చాలదా అన్నది మరో వాదన. 16 జీబీ ఉండాలి, నిజమే. అయితే ర్యామ్‌కు స్లాట్లు ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. ఒక్క ముక్కకు రెండోది తోడైతే ప్రాసెసరుకు మెమరీ దారి రెండింతలవుతుంది. ఎస్‌ఎస్‌డీనీ మార్చుకోవచ్చు. బోర్డుకు అతికించిన గ్రాఫిక్స్ చిప్పును, వేడి మోసే గొట్టాలను మార్చడం కుదరదు. తెరనూ మొదటే చూసుకోవాలి. రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్న తెర మీద రంగులు వెలవెలబోతాయి. ఆట రెండు గంటలే కావచ్చు, ఆ తెరను చూసే కళ్లు మాత్రం రోజంతా మీవే. ఎక్కువ పిక్సెళ్లు ఉంటే మంచిదనుకోవద్దు. 2560×1440 తెర నాతో 1920×1080 కంటే 78 శాతం ఎక్కువ పిక్సెళ్లు గీయిస్తుంది. ఆ భారం మళ్లీ వేడిగానే మారుతుంది.

అందుకే నన్ను కొనడానికి వెళ్లినప్పుడు ఈ వరసలో అడగండి: గ్రాఫిక్స్‌కు ఎన్ని వాట్లు, అరగంట తర్వాత వేగం ఎంత, తెర రంగులు ఎలా ఉన్నాయి, ర్యామ్‌కు స్లాట్లు ఉన్నాయా. పేరు ఆ తర్వాత చూడండి. కొన్నాక మంచం మీద, దిండు మీద పెట్టి నా ఊపిరి మూయకండి. ఏడాదికోసారి ఫ్యాన్ల దుమ్ము దులిపించండి. గాలి ఆడనిస్తే నా రెండు బతుకులూ మీకే పనికొస్తాయి.