నిరోధక మీమాంస

మోటారుబండి కొనువారు దాని పరుగును గూర్చి పది ప్రశ్నలడుగుదురు గాని, అది ఆగు విధమును గూర్చి ఒక్కటియు నడుగరు. ఈ యుపేక్ష కట్టినవారికిని చాలకాలముండెను. హైదరాబాదు నిజాముగారి కొరకు 1912లో సిద్ధమైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌లో సింహాసనము వంటి పీఠమమర్చుటకు చూపిన శ్రద్ధ, ముందుచక్రములకు బ్రేకులమర్చుటకు చూపబడలేదు. ఆ కారు ఊరేగింపులకు దప్ప అంతగా తిరుగలేదు గనుక ప్రభువులవారికి లోటు తెలిసి యుండదు. ముందుచక్రములను పట్టి ఆపినచో కారు పిల్లిమొగ్గ వేయునని ఆనాటి పెద్దలకు సైతము భయము. తీరా నాలుగింటికిని బ్రేకులు వచ్చిన పిదప, వెనుక వచ్చువారు గుద్దకుండ ఎఱ్ఱని త్రికోణమొకటి తగిలించి, ‘మేము నిజముగా ఆగుదుము సుమా’ అని లోకమును హెచ్చరింపవలసి వచ్చెను.

చక్రములు నాలుగు, త్రొక్కు కాలొక్కటి, చిక్కంతయు నిచ్చటనే. మా మేనమామగారి పాతకారు ప్రత్యక్ష నిరోధక సంప్రదాయమునకు జెందినది. పెడలుపై మోపిన బలము కడ్డీల మీదుగా నేరుగా చక్రములకు బోవలెను. కడ్డీలలో నొకటి వదులైనచో కారు ఆగుట మాని ఎడమప్రక్క వేరుసెనగ చేనిని దర్శింపబోవును. గూళూరినుండి బయలుదేరి బాగేపల్లి సంత జనసమ్మర్దమున జొచ్చినపుడు, ఆయన స్టీరింగును పట్టుకొని ఆసనమునుండి ఎంతెత్తు లేచునో చూచి, వెనుక కూర్చున్న మేము బ్రేకుల ఆరోగ్యమును అంచనా వేయుచుండెడివారము. అత్తయ్య మాత్రము, “ఏమండీ, మెల్లగా పోతే ఆపే పనే వుండదు గదా!” అనెడిది. ఈ పరిష్కారము యూరపు ఇంజనీర్లలో ఏ ఒక్కరికిని తోచినట్లు కనబడదు.

వారికి దోచినది వేరు. 1919లో హిస్పానో సూయిజా కారు కొరకు మార్క్ బిర్కిగ్టు గేరుపెట్టె వెనుకనుండి తిరుగునొక బిళ్ళను గల్పించెను. పెడలు ఆ బిళ్ళను మెల్లగా నొక్కిన చాలును. రాపిడి పట్టునకు అది బ్రేకు కడ్డీలను తనతో లాగుకొనిపోవును. కారు తన పరుగు చేతనే తన్ను దాను బంధించుకొనునన్నమాట. రోల్స్ రాయిస్ వారంతటివారును అభిమానము దిగమ్రింగి, లైసెన్సు గైకొని, 1924లో దీనిని స్వీకరించిరి. మా యూరి బండివాడు వినినచో నవ్వును. అతడు ముక్కుత్రాటిని ఇంత లాగిన చాలును, బండినాపు బరువంతయు ఎద్దులే మెడలపై మోయుచున్నవి గదా!

ఇక బెల్జియమువాడైన ఆల్బర్ట్ డెవాండ్రు, ఇంజను గాలిని పీల్చుటవలన నేర్పడు శూన్యమును పెడలుకు దోడు చేసెను. లోకము తుదకీ బాటనే పట్టినది. పని మృదువే, కాదనను. కాని ఇంజను ఆగిన పిదప నిలువయున్న శూన్యము రెండుమూడు త్రొక్కుళ్ళతో హరించిపోవును. నందికొండ దిగుచు ఇంజను కట్టివేసి, “దిగేటప్పుడు పెట్రోలు దేనికిరా?” అని సెలవిచ్చు మా మామ వంటి పొదుపరుల చేతికి ఇట్టి బ్రేకునిచ్చుట ప్రాణాంతకము. బిర్కిగ్టు బిళ్ళకీ దోషము లేదు. ఇంజను నిద్రించినను, గేరు తటస్థముగా నున్నను, చక్రములు దొరలునంతవరకు అది మేలుకొనియే యుండును. నిలుచున్న కారునందు అది సోమరియగు మాట నిజమే గాని, నిలుచున్న కారువలన మాకు భయమేమియు లేదు.

ఆ కొండ దాపుననే, ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930వ దశకమున మనదేశమున మోటారు కర్మాగారము వెలయవలెనని పథకములు రచించిరి. అది మైసూరు సీమలో నప్పుడే ఫలించియున్నచో నేను మహజరు వ్రాసి, గూళూరు గ్రామస్థులచే చేవ్రాళ్ళు పెట్టించి పంపియుందును: అయ్యా, మీ కార్ల కెట్టి రంగైనను పూయుడు, ఎట్టి పీఠమైనను అమర్పుడు, బ్రేకుకు మాత్రము గేరుపెట్టె బిళ్ళనే ప్రసాదింపుడు.