పెందలాడే బయల్దేరడం ఎలా?

ముందు నా అర్హతలు చెప్పాలి. సీనియర్ లివింగ్‌కి మారాలని నేను తొమ్మిదేళ్లుగా ప్లాను వేస్తున్నాను. అరవై రెండో ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు డెబ్బై ఒకటి. ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి, నా దగ్గర రెండు నోటు పుస్తకాలు, దారం కట్టిన ఫైలు, మా అబ్బాయి నేర్పిన ఎక్సెల్ షీటు ఉన్నాయి. ఇన్నేళ్లలో కాకినాడలోని మా డాబా ఇంట్లోంచి ఒక్క కుర్చీ కదల్లేదు. నిజంగా మారిపోయినవాళ్లకి ఇంత అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాళ్లు ఒక్కసారి మారి ఊరుకున్నారు.

మొట్టమొదట పేరు. ‘వృద్ధాశ్రమం’ అన్న మాట గుమ్మం తొక్కనివ్వకండి. సీనియర్ లివింగ్ అనండి, రిటైర్మెంట్ కమ్యూనిటీ అనండి. మన డబ్బుతో మనం కొనుక్కునే ఫ్లాటు, వంటా పనిమనిషీ బెంగ లేని బతుకు, పక్కనే నర్సు అని బంధువులకి వివరంగా చెప్పండి. మా బావమరిది మొత్తం శ్రద్ధగా విన్నాడు. విని, “అయితే పిల్లలు చూడమన్నారా బావగారూ?” అన్నాడు. వారం తిరక్కుండా ఒక గృహప్రవేశంలో, నన్ను ఆశ్రమంలో పడేస్తున్నారన్న వార్త నాకే చెప్పి ఓదార్చారు. దీనికి మందు లేదు. ఇలాంటి ఇళ్లకి దేశంలో పేరుపడ్డ ఊళ్లలో కోయంబత్తూరు ఒకటి. అక్కడికి వెళ్తే కనీసం మా బావమరిదికి తమిళం రాదు.

ఇక ముహూర్తం. ఇది చాలా జాగ్రత్తగా తప్పించుకోవలసిన విషయం. ‘ఇండిపెండెంట్ లివింగ్’ అని బోర్డు పెట్టిన చోట సాధారణంగా ఒక షరతు ఉంటుంది. స్నానం, బట్టలు, నడక, మందులు ఎవరి పనులు వాళ్లు చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటారు. డాక్టరు చూసి సరేనంటేనే తాళం చెవి ఇస్తారు. మనవాళ్ల సిద్ధాంతం దీనికి సరిగ్గా అతుకుతుంది: “ఇప్పుడు బాగానే ఉన్నాం కదా, బాగాలేనప్పుడు చూద్దాం.” కాళ్లున్నన్నాళ్లూ ఆ ఇల్లు మనకి అక్కర్లేదు, కాళ్లు పడిపోయాక ఆ ఇంటికి మనం అక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య ఒక రోజు ఉంటుంది. అది ఎక్కువగా తెల్లవారుజామున, బాత్రూంలో, తడిసిన నున్నటి గచ్చు మీద వస్తుంది. ఆ తర్వాత ప్లానంతా తుంటి ఎముక చూసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో ఏడుస్తూ, బెంగళూరులో ఉన్న కొడుకు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆర్థోపెడిక్ డాక్టరు తలుపు దగ్గర నిలబడి, ముగ్గురూ కలిసి పది నిమిషాల్లో మీకో చోటు తేలుస్తారు. మీరు చెయ్యాల్సిందల్లా వెల్లకిలా పడుకోవడం. తొమ్మిదేళ్ల ఎక్సెల్ షీటు కన్నా ఎంత వేగం!

ఆలస్యం చెయ్యడంలో మనకి గొప్ప పూర్వీకుడున్నాడు. యుద్ధం అయిపోయి, వందమందీ పోయాక, ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు పాండవుల ఇంట్లోనే తిన్నాడు. ధర్మరాజు బాగా చూసుకున్నాడు, సందేహం లేదు. కానీ చాటున భీముడు వేసే సూటిపోటి మాటలు విని విని, చివరికి అడవికి పోతానన్నాడు. పోయే ముందు శ్రాద్ధాలకీ దానాలకీ డబ్బడిగితే భీముడు అక్కడా అడ్డం పడ్డాడు. ఇదంతా ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా ఉన్నదే. నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కుంతి. కొడుకులు గెలిచారు, రాజ్యం వచ్చింది, కోడలు పట్టపురాణి. ఆమెని ఎవరూ పొమ్మనలేదు. అయినా గాంధారి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లిపోయింది. కొడుకులు ఏడ్చి బతిమాలినా వెనక్కి రాలేదు. కాళ్లు బాగున్నప్పుడే వెళ్లిందన్నమాట. ఆ ముగ్గురూ చివరికి కార్చిచ్చులో పోయారు గనక, మీరు చూడబోయే చోట ఫైర్ సర్టిఫికెట్ ఉందో లేదో అడగడం మర్చిపోకండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి? వాళ్లు ఏది చూపిస్తే అది. యోగా హాలు, క్యారమ్స్ బోర్డు, గుడి, చిన్న సినిమా హాలు చూపిస్తారు. మేం హైదరాబాద్ శివార్లలో చూసిన చోట ఒక కుర్రాడు నన్ను ‘అంకుల్’ అని పిలుస్తూ ఈతకొలను దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. నాకు ఈత రాదు. బాత్రూం దగ్గర మాత్రం అర నిమిషం. అందుకని మా ఆవిడ లోపలికి వెళ్లి, గోడకి వేలాడుతున్న ఎమర్జెన్సీ తాడు లాగింది. లాగి, బయటికొచ్చి, కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంది. కుర్రాడి మొహం వాడిపోయింది. పదకొండో నిమిషంలో తోటమాలి వచ్చి, “ఎవరైనా పిలిచారా అమ్మా?” అన్నాడు. మీరు ఇలాంటి పనులు చెయ్యకండి, మర్యాద కాదు. రాత్రి రెండింటికి పిలిస్తే వచ్చేది నర్సా, వాచ్‌మనా? అంబులెన్సు ఇక్కడే ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా? వీల్‌చెయిర్ తలుపులో పడుతుందా? ఇవీ అడక్కూడదు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, జారని గచ్చు, వీల్‌చెయిర్ పట్టే లిఫ్టు ఉండాలని కేంద్రం 2019లోనే ఇలాంటి ఇళ్లకి నమూనా మార్గదర్శకాలు రాసిపెట్టింది. నమూనా అంటే మనవాళ్లకి ఎలాగూ తెలుసు.

కోయంబత్తూరులోనూ చూశాం. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, బాత్రూంలో తాడు లాగితే రెండు నిమిషాల్లో నర్సు వచ్చింది. కానీ భోజనంలో మూడు పూటలా సాంబారు, పప్పు ఒక్కనాడూ ముద్దగా లేదు. నేను దాన్ని కొట్టేశాను. ప్రాణం కన్నా ముద్దపప్పు ముఖ్యమా అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు నా ఎక్సెల్ షీటులో ఏ గడిలోనూ లేదు.

ఒప్పందం కాగితాలు నలభై పేజీలుంటాయి. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉంటాయి, వాటి వెంట పోతే చాలు. చదివితే ఇబ్బందులు. నెలనెలా కట్టేది ఏటా ఎంత పెరుగుతుందో అందులో ఉంటుంది. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారి ఛార్జీ సగమవుతుందా, ముప్పావవుతుందా అనేదీ ఉంటుంది. మతిమరుపు ముదిరితే అక్కడే వేరే బ్లాకులో చూస్తారా, పిల్లల్ని పిలిచి అప్పజెబుతారా అనేది లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు. చాలాచోట్ల ఇంకో ముచ్చటైన షరతు: ఫ్లాటు పిల్లలకి వారసత్వంగా వస్తుంది గానీ, యాభై అయిదో అరవయ్యో నిండితే తప్ప అందులో ఉండటానికి లేదు. మా అబ్బాయికి నలభై రెండు. “నాన్నగారూ, ఆస్తి ఇచ్చి వెయిటింగ్ లిస్టులో పెడుతున్నారేంటి?” అన్నాడు.

డబ్బు గురించి క్లుప్తంగా. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకి 61,500 వస్తుంది. ఈ లెక్క నేను నాలుగు రంగుల్లో వేశాను. 30 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయనే గడి మాత్రం ఖాళీ. దానికి ఇల్లు అమ్మాలి.

ఇల్లు అమ్మడం కన్నా తేలికైన దారి ఉంది: ముందుగానే పిల్లల పేర గిఫ్ట్ డీడ్ రాసెయ్యడం. రాసేటప్పుడు ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతు పెట్టకండి, కన్నబిడ్డల దగ్గర షరతులేమిటి అసహ్యంగా! 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను అని ఒకటుంది. అలా షరతు రాసుకుని, పిల్లలు చూడకపోతే, ఆ దానం చెల్లదని ట్రిబ్యునల్ దగ్గరికి వెళ్లచ్చట. ఇలాంటివి తెలుసుకుంటే ప్రేమలు తగ్గుతాయి. ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే 14567 అని పెద్దలకోసం ఉచిత ఫోన్ నంబరుంది. మా బావమరిది మాత్రం ఉచితంగానే వింటాడు, పైగా అందరికీ చేరవేస్తాడు.

అసలు కష్టం అటక. డాబా ఇంటి నుంచి ఒక పడకగది, హాలు, కాఫీ పెట్టుకునేంత వంటిల్లులోకి దిగాలంటే అటక దించాలి. నేను మూడో సంవత్సరంలో దించాను. రెండు ఇత్తడి గుండిగలు, మా అమ్మ కవ్వం, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, పని చెయ్యని మూడు మిక్సీలు, ఎవరి పెళ్లిలోనో కట్నంగా వచ్చి విప్పని గోడ గడియారం. వీటిని ‘ఉంచేవి’, ‘ఇచ్చేవి’, ‘అమ్మాయిని అడగాల్సినవి’ అని మూడు కుప్పలు చేశాను. మూడో కుప్ప మిగతా రెంటినీ మింగేసింది. అమ్మాయి ఫోన్‌లో, “అన్నీ ఉంచండి నాన్నా, వచ్చినప్పుడు చూస్తాను” అంది. అన్నీ మళ్లీ అటకెక్కాయి.

ఆవకాయ జాడీలు రెండూ మాత్రం కిందే ఉండిపోయాయి. పెద్దదాంట్లో వంద కాయల పచ్చడి పడుతుంది, చిన్నదాంట్లో ఇరవై. కొత్త ఇంటికి ఏది తీసుకెళ్లాలి? ఇద్దరికి ఇరవై కాయలు చాలు. కానీ పెద్ద జాడీ మా అత్తగారిది. అలమారు ఎంత వెడల్పుంటుందో తెలిస్తే తేల్చచ్చు. అలమారు తెలియాలంటే ఫ్లాటు తేలాలి. ఆ విధంగా నాలుగేళ్లు గడిచాయి.

ఈమధ్య చాలాచోట్ల కొన్నాళ్లు ఉండి చూసుకోవడానికి గది అద్దెకిస్తున్నారు. నేను దాని మీద ఒక కొత్త షీటు మొదలుపెట్టాను. మా ఆవిడ ఆ షీటు చూళ్లేదు. పోయిన నెల పది రోజులకి డబ్బు కట్టేసి, ఒక సూట్‌కేసుతో కోయంబత్తూరు రైలెక్కింది. “మీ ప్లాను మీరు పూర్తి చెయ్యండి, తొందరేం లేదు” అని కిటికీలోంచి చెప్పింది.

తొమ్మిదో రోజు ఫోన్ చేసింది. సాంబారు అలవాటైందట, పక్క గదిలో తెనాలి ఆవిడ ఉందట, రోజూ ఇద్దరూ నడుస్తున్నారట. వంటవాళ్లకి ముద్దపప్పు నేర్పుతోందట. మాటల మధ్యలో, “కొంచెం ఆవకాయ పార్శిల్ చెయ్యండి” అంది.

“ఏ జాడీలో?” అన్నాను.

కాసేపు ఆలోచించింది.

“పెద్దదే పంపించండి.”