డీవో అంటే ఆర్డీవో కాదు

జూలై నుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కుశలం అడగడం లేదు. "వచ్చిందా?" అంటున్నారు. పొద్దున పళ్లు తోముకుంటూ ఒకసారి, సాయంత్రం చెప్పులు విప్పుతూ ఒకసారి, రాత్రి లైటు ఆర్పేముందు ఇంకొకసారి. మొదట్లో మా అమ్మాయి "లేదు" అనేది. తర్వాత తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. ఇప్పుడు అదీ మానేసి కనుబొమ్మతో సరిపెడుతోంది.

రావలసింది మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ పిలుపు. పద్నాలుగు కాలేజీలకు వేసింది. అన్నీ ఆస్టియోపతిక్ కాలేజీలు, అంటే డీవో డిగ్రీ ఇచ్చేవి. జూన్ మొదటి వారంలో దరఖాస్తు పంపింది. ఇప్పుడు అక్టోబరు ఆఖరు. న్యూజెర్సీలో ఆకులు పండాయి, రాలాయి, నేను రెండుసార్లు ఊడ్చి సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెట్టాను. పిలుపు మాత్రం రాలేదు. దీన్ని వీళ్లు 'రోలింగ్ అడ్మిషన్' అంటారు. ముందు వచ్చిన కాగితం ముందు చూస్తారట, సీట్లు అలా అలా నిండుతూ పోతాయట. రోలింగ్ అంటే దొర్లడమని నాకు తెలుసు. దొర్లుతున్నది మేము, మంచం మీద, నిద్ర పట్టక.

మన రోజుల్లో ఎంసెట్ ఉండేది. ఒక పరీక్ష, ఒక ర్యాంకు. పేపర్లో నంబరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదని ఊరంతటికీ తెలిసినట్టు. నాకు లేదని మా ఊళ్లో నాకంటే ముందు టీకొట్టు వాడికి తెలిసింది. బాధ ఒక్కరోజులో తేలిపోయేది. ఇక్కడ ఎంక్యాట్ అని ఏడున్నర గంటల పరీక్ష రాయాలి. అందులో మార్కులు 472 దగ్గర మొదలవుతాయి. ఒక్క జవాబూ సరిగ్గా రాకపోయినా 472 ఇచ్చేస్తారు. ఇంత దయగల పరీక్ష నేను చదివిన రోజుల్లో ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. పాపకి 506 వచ్చింది. 528కి అని తెలిసేదాకా మా ఆవిడ దాన్ని వెయ్యికి అనుకుని రెండు రోజులు అన్నం మానేసింది.

ఆ తర్వాత 'నువ్వు డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు' అని వ్యాసం. 5,300 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. మా తరంలో ఈ ప్రశ్న డాక్టర్లను ఎవరూ అడగలేదు. ర్యాంకు వచ్చింది కాబట్టి డాక్టరు. రాలేదు కాబట్టి నేను. ఇందులో 5,300 అక్షరాలకు సరిపడా సరుకేముందో నాకు అంతుపట్టలేదు.

ఖర్చు సంగతి ఎత్తకూడదు గానీ ఎత్తుతాను. మొదటి కాలేజీకి సుమారు 200 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 60 లెక్కన. అది పంపగానే ప్రతి కాలేజీ వాడూ విడిగా ఇంకో దరఖాస్తు పంపుతాడు, దానికి విడిగా రుసుము. 'మా కాలేజీనే ఎందుకు ఎంచుకున్నావు?' అని అందరూ అడుగుతారు. పద్నాలుగు మందికీ 'చిన్నప్పటి నుంచి మీరే నా కల' అని రాయాలి. పెళ్లిచూపుల్లో ఇలా పద్నాలుగు ఇళ్లలో చెప్తే తంతారు. డబ్బు తీసుకున్న మరుక్షణం 'మీ రుసుము అందింది' అని మెయిలొస్తుంది. అంత చురుగ్గా ఉండేవాళ్లు ఆ తర్వాత మూడు నెలలు ఎక్కడికి పోతారో అర్థం కాదు. ఒక కాలేజీ నుంచి సెప్టెంబరులో 'మీ దరఖాస్తును హోల్డులో ఉంచాం' అని వచ్చింది. గ్యాస్ కంపెనీకి ఫోన్ చేస్తే హోల్డులో పాట అయినా వినిపిస్తారు.

ఇక మా అమ్మ. ఆగస్టులో వచ్చింది, ఆరు నెలలుంటుంది. వచ్చిన రోజే అడిగింది.

"పాప ఏం చదవబోతావుందిరా?"

"డీవో, అమ్మా."

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఆర్డీవోనా! మన నగరికి వచ్చినాడు గదా ఒకసారి, జీపేసుకుని."

"ఆర్డీవో కాదమ్మా, ఉత్త డీవో."

కాసేపు ఆలోచించి, "ఆ ఆర్ తర్వాత ఇస్తారా?" అంది.

ఇక్కడితో ఆపి ఉండాల్సింది. నాకు బుద్ధి లేక, ఆస్టియో అంటే ఎముక అని అర్థం చెప్పాను. అంతే. అమ్మ సోఫాలోంచి లేచి నిలబడింది. "ఓరి నీ! పుత్తూరు కట్టని చెప్పొచ్చు గదరా ముందే!"

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో, విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు పుత్తూరు. మా జిల్లాలో పుట్టిన ప్రతివాడి ఒంట్లో ఏదో ఒక ఎముక ఆ ఊరు చూసొచ్చింది. నాది ఎడమ చెయ్యి. 1984 వేసవిలో చింతచెట్టు మీంచి పడ్డాను. మా నాయన నన్ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు. బస్సులో సగంమంది అక్కడికే. చేతులు మెడకు వేలాడేసుకున్నవాళ్లు, కాళ్లు ఎదుటి సీటు మీద చాపినవాళ్లు. కండక్టరు ఎవరినీ 'ఎక్కడికి?' అని అడగలేదు, వంకర చూసి టిక్కెట్టు కొట్టాడు. అక్కడ ఒక పెద్దాయన నా చెయ్యి అందుకున్నాడు. అందుకుని ఏమీ చెయ్యలేదు, ఊరికే పట్టుకున్నాడు, వేళ్లతో మెల్లగా తడుముతూ నా వంక కాక గోడ వంక చూస్తూ. 'ఏం చదువుతున్నావురా?' అన్నాడు. నేను 'ఆరో...' అనేలోపు లాగేశాడు. 'తరగతి' అన్నమాట పుత్తూరు రైల్వే స్టేషను దాకా వినపడి ఉంటుంది. తర్వాత పచ్చటి ఆకు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, చుట్టూ వెదురు బద్దలు, దానిపైన గుడ్డ చుట్ట. ఆ గుడ్డు సంగతే ఇంకా మరచిపోలేను. మే నెల ఎండ. నాలుగో రోజుకల్లా మా వీధి కుక్కలన్నీ నా వెంట నడవడం మొదలుపెట్టాయి. బడికి సెలవులు కాబట్టి సరిపోయింది గానీ, కుక్కలు లెక్కల క్లాసుకు వచ్చేవే. కట్టు విప్పాక చెయ్యి చక్కగా అతుక్కుంది. కుక్కలు మాత్రం ఇంకో వారం నా మీద ఆశ వదులుకోలేదు.

అందుకని అమ్మకు ఈ విద్య మీద అపారమైన గౌరవం. కాకపోతే ఆమె అనుమానాలు ఆమెకున్నాయి. "ఈ దేశంలో ఆ పచ్చాకు దొరకతాదా?" వెదురు సంగతేమిటి? ఫలానా పెద్ద షాపులో మొక్కలకు ఆసరాగా పెట్టే వెదురు కర్రలు కట్టలు కట్టలుగా ఉంటాయని నేనే చెప్పాను, ఖర్మ. "మరి పద్నాలుగు కాలేజీలకి అన్నేసి డాలర్లు కట్టడమెందుకు, పుత్తూరులో పెద్దాయన కాళ్లకి దండం పెట్టి నేర్చుకోక?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఈ పోలిక తప్పని నిరూపించడానికి ఒక రాత్రి ఆస్టియోపతి చరిత్ర చదివాను. అది నేను చేసిన రెండో తప్పు. దీన్ని కనిపెట్టినాయన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు. 1864లో ఆయన పిల్లలు ముగ్గురు మెదడు పొరల వాపు జబ్బుతో పోయారు. ఆనాటి వైద్యం వాళ్లను కాపాడలేకపోయింది. దాని మీద ఆయనకు నమ్మకం పోయింది. పదేళ్లకు, 1874లో, కొత్త పద్ధతి ప్రకటించాడు. ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. అప్పుడేం చేశాడయ్యా అంటే, ఎముకలు మెరుపు వేగంతో సరిచేసేవాణ్నని చెప్పుకుని మిస్సోరిలో ఊరూరా తిరిగాడు. నేను లాప్‌టాప్ మూసేశాను. అమ్మకు తెలియకూడదనుకున్నాను. కానీ పాప పక్కనే కూర్చుని చదివి, "అవ్వా! నువ్వు చెప్పిందే రైటు!" అని అరిచింది. ఆ ఒక్కరోజే దాని మొహంలో నవ్వు చూశాను, కాబట్టి ఊరుకున్నాను.

1892లో స్టిల్ కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఇప్పుడు డీవోలు ఎం.డి.లు చదివే వైద్యమంతా చదువుతారు, ఆపరేషన్లు చేస్తారు, అదే రెసిడెన్సీలకు పోతారు. చేతులతో పరీక్షించి సరిచేసే విద్య దాదాపు 200 గంటలు అదనం. అమ్మకు ఈ అదనం ఒక్కటే చెవికెక్కింది. వాట్సాప్ వీడియోలో బంధువులందరికీ ప్రకటించింది. మా పెద్దమ్మ తన మోకాలి ఎక్సరే పంపింది. వియ్యాలవారు నడుము పంపారు. ఎవరిదో తెలియని భుజం ఒకటి వచ్చింది. కాలేజీలు జవాబివ్వలేదు గానీ, పేషెంట్లు మాత్రం మూడు వేళలా వస్తున్నారు.

బంధువులు నయం. ఇక్కడి మనవాళ్లతోనే చిక్కు. "డీవోనా..." అని ఆ 'నా' దగ్గర గొంతు దించుతారు, ఎవరికో ఒంట్లో బాగా లేదన్నట్టు. వాళ్ల కోసం నేను ఒక చిట్టా కంఠస్థం చేశాను. 2018 నుంచి వరసగా ముగ్గురు అధ్యక్షుడి డాక్టర్లు డీవోలే: కాన్లీ, ఓకానర్, బార్బబెల్లా. పప్పు వడ్డించుకుంటున్నవాళ్లను ఆపి మరీ చెప్పేవాణ్ని. 1962లో కాలిఫోర్నియాలో డీవోలకు 65 డాలర్లు తీసుకుని ఎం.డి. పట్టా ఇచ్చేశారనీ, చాలామంది తీసుకున్నారనీ, అక్కడ కొత్త డీవోలకు లైసెన్సులు ఆపేస్తే 1974లో కోర్టు మళ్లీ ఇప్పించిందనీ ఇంట్లో చెబితే, మా ఆవిడ పప్పు కలుపుతూ తలెత్తకుండా, "ఇప్పుడా స్కీము లేదా?" అంది.

అందరం నవ్వాం. పాప నవ్వలేదనుకుంటాను. అప్పుడు చూడలేదు.

దీపావళి పార్టీలో ఒక పెద్దమనిషి నన్ను పట్టుకున్నాడు. వాళ్లబ్బాయి పెద్ద పేరున్న చోట ఎం.డి. చదువుతున్నాడు. "మీ అమ్మాయి దేనికి వేసిందండీ?" అన్నాడు. కాన్లీ, ఓకానర్, బార్బబెల్లా, ఎవ్వరూ గుర్తుకు రాలేదు. "ఎం.డి.కి వేసిందండి, డీవోకి కూడా వేసింది" అన్నాను. పాప ఎం.డి.కి ఒక్క కాలేజీకీ వెయ్యలేదు. పోయినేడాది వేసవంతా మా పక్క ఊళ్లో ఒక డీవో డాక్టరు దగ్గర నిలబడి చూసింది. ఆ డాక్టరమ్మ ఒకరోజు ఒక లారీ డ్రైవరు మెడ కింద రెండు చేతులూ పెట్టి, మాట్లాడకుండా, చాలాసేపు అలాగే ఉందని ఆ రాత్రి అన్నం దగ్గర మాకు చూపించింది, తన చేతులు గాల్లో పెట్టి. కావాలనే ఇది వేసింది. నాకు తెలుసు.

నేను ఆ మాట అంటున్నప్పుడు అది నా వెనకాల పేపరు ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది.

కారులో ఏమీ అనలేదు. గరాజు తలుపు లేస్తుంటే మెల్లగా, "నాన్నా, ఆ 'కూడా' ఎందుకన్నావు?" అంది. నేను కారు ఆపి, తాళాలు తీసి, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చూశాను. చెప్పడానికేం లేదు. నాలుగు నెలలుగా దాన్ని ఎదురుచూపుల్లో నిలబెట్టినవాళ్లు కాలేజీలవాళ్లేనని తిట్టుకుంటున్నాను. కాలేజీలైనా హోల్డులో పెట్టామని మెయిల్ పంపాయి. నేనది చెప్పకుండానే చేశాను. ఎంసెట్లో నంబరు లేనివాడు ఇన్నేళ్లకు ఇంకొకరి పేపరులో వెతుక్కుంటున్నాడని ఆ గరాజులో నాకు తోచింది. లైటు ఆరిపోయింది. దానంతటదే ఆరుతుంది అది.

ఆ మర్నాటి నుంచి 'వచ్చిందా' అనడం మానేశాను. మా ఆవిడ మానలేదు. అమ్మ అసలే మానదు. ఇంటర్వ్యూ పిలుపు అంటే కాల్ లెటరనీ, అది పోస్టులో వస్తుందనీ ఆమె నమ్మకం. మెయిల్లో వస్తుందని ఎంత చెప్పినా, "మెయిలంటే పోస్టే గదరా" అంటుంది, అదీ నిజమే. రోజూ మధ్యాహ్నం మూడింటికి స్వెటరు మీద స్వెటరు వేసుకుని వీధి చివర డబ్బా దాకా నడిచి వెళ్తుంది. పిజ్జా కూపన్లు, దంతవైద్యుడి కార్డులు, ఇల్లు అమ్ముతారా అని అడిగేవాళ్ల కాగితాలు తెచ్చి దేవుడి గూట్లో పెడుతుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి దేన్నీ పారెయ్యదు, ఏది కాల్ లెటరో ఏమో.

నిన్న పాప అవ్వకు తోడు వెళ్లింది. ఫోను భోజనాల బల్ల మీద వదిలేసి వెళ్లడం ఈ నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ ఆకుల మీద మెల్లగా నడుస్తున్నారు. అవ్వ చేత్తో గాల్లో కట్టు చుట్టి చూపిస్తోంది, గుడ్డు దగ్గరికి వచ్చినట్టుంది కథ.

బల్ల మీద ఫోను ఒకసారి వణికింది. బోర్లా ఉంది.

నేను ముట్టుకోలేదు. కుర్చీ మాత్రం కాస్త దగ్గరకు లాక్కున్నాను.