మట్టగిడసోపాఖ్యానం (టీకాతాత్పర్య సహితం)

మూలం: పులస దొరకలేదు, మట్టగిడసలు తెచ్చాను, ఏమీ అనకే.

అవతారిక: మండపేటలో ఒకానొక గృహస్థు వైశాఖమాసపు ఆదివారం చేపల బజారు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి ఇల్లాలితో పలికిన వాక్యమిది. చేతిలో సంచీ కదులుతోంది. కాళిదాస కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. మాకా ఒట్టు లేదు.

ప్రతిపదార్థం: పులస = సముద్రంలో ఇలసగా తిరిగి, వరద రోజుల్లో గోదారి ఎర్రనీటికి ఎదురీది, ధవళేశ్వరం దిగువన పేరూ ధరా మార్చుకునే చేప; దొరకలేదు = లభింపలేదు; మట్టగిడసలు = బురదే ఇల్లుగా గలవి, నీరు తగ్గినా పైగాలి పీల్చి బతికేవి, సంచీలోనూ చావనివి; తెచ్చాను = డబ్బిచ్చి కొన్నాను; ఏమీ = నీచువాసన మొదలు పుట్టింటి వైభవం దాకా; అనకే = అనవద్దు (ప్రార్థనార్థకం).

విశేషం: 'దొరకలేదు' అన్నచోట ఆగాలి. వైశాఖంలో వరదేది? పులసేది? ఇంకా కాలవలు కట్టేసే రోజులే. కుందేటికొమ్ము బజారులో దొరకలేదన్నట్టుంది. శ్రావణంలో అయితే ఈ మాటకు 'ధర అడిగి వెనక్కి వచ్చాను' అని అర్థం. పుస్తెలమ్మి తినాలన్న సామెత గల చేపను పుస్తెలున్న మనిషి ముందు ఎత్తడం గృహస్థు సాహసమే గాని, దాని పక్కన ఏం తెచ్చినా చవగ్గా కనిపిస్తుందన్న యుక్తి ఇందులో ఉంది.

పూర్వపక్షం: మట్టగిడసది తక్కువ జాతి, అందుకే దానికి పేరు లేదు.

ఖండనం: కాదు. అది కొర్రమీనుకు స్వయానా దాయాది. శాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే ప్రజాతిలో వేశారు. అందులో కొర్రమీనును తెలంగాణ రాష్ట్రచేపగా పీటేసి కూర్చోబెట్టింది. మట్టగిడసకు ఇంట్లో పీటైనా లేదు. పోనీ, బురదే దోషమంటారా? మార్పు, ఇంగిలాయి కూడా బురదలోవే. వాటినే బెంగాలీలు మాగుర్, శింగి అని పిలిచి, జబ్బుపడి లేచినవాళ్లకు పథ్యంగా పలచని పులుసు పెడతారు. (మార్పుకు మచ్చ తెచ్చింది దాని ఆఫ్రికా బంధువు. నాటు చేపల్ని మింగేస్తుందని కేంద్రం 2000లో దాని పెంపకాన్ని నిషేధించింది. ఆ కథ వేరే ఉపాఖ్యానం.)

సిద్ధాంతం: చేపకు చెడ్డపేరు తినేవాడి నాలుక మీద పుట్టదు, తోమే చేతిలో పుడుతుంది. మట్టగిడస చేతికి జిగురుగా జారుతుంది. తల మీద కొట్టాక కూడా తోక ఆడిస్తుంది. పెరట్లో గరుకురాయి మీద వేసి, బూడిదతో ఒకసారి, కల్లుప్పుతో రెండుసార్లు, నల్లటి పైపొర తెల్లబడేదాకా రుద్దాలి, అరచెయ్యి మండుతుంది. పిల్లి కాలికీ కాలికీ మధ్య తిరుగుతుంది. అదే కట్ల అయితే బజారులోనే పొలుసు తీసి, ముక్కలు కొట్టి ఇస్తారు. చిన్న చేపల సంచీ చూపిస్తే కత్తిపీట ముందున్న మనిషి అవతలి బేరం వైపు చూస్తాడు. కాబట్టి 'ఏమీ అనకే' అన్నది రుచి గురించి కాదని తేలింది. దాకలో పచ్చిమామిడి ముక్కలు పడి, పులుసు చిక్కబడ్డాక ఆ ఇంట ఎవరూ ఏమీ అనరు. మర్నాడు చద్దన్నంలోకి మిగిలిందా లేదా అన్నదే తగవు.

పాఠాంతరం: తాతల నాటి ప్రతుల్లో 'మట్టగిడసలు' అన్నచోట 'నీటికోళ్లు' అనీ, 'కొంగలు' అనీ ఉంది. వరిచేలల్లో ఉచ్చులు పన్నిన కాలపు పాఠమది. కొంగమాంసంలో చేపల నీచు పోదని అప్పట్లోనే దానికి మంచిపేరు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ పాఠం గ్రాహ్యం కాదు. పాటిస్తే వ్యాఖ్యాతకు బదులు లాయరు కావాలి.

తాత్పర్యం: నేను కొన్నాను, నువ్వు తోము, ఇద్దరం తిందాం.

ఉత్తరవాక్యం: 'కల్లుప్పు గూట్లో ఉంది.'

టీక: గ్యాసుపొయ్యి వచ్చాక బూడిద లేదు గనుక ఉప్పొకటే చెప్పింది. తోమే క్రియకు కర్త ఎవరో పైకి అనలేదు. ఎదురుగా సంచీతో నిలబడ్డవాడే కర్త. వాక్యం చివర 'అండి' కూడా లేదు. గోదావరి జిల్లాలో అది లేఖకదోషం కాదు.